అత్తగారితో పేచీ కాదమ్మా ఇది

అమెరికాలోని గ్లెండేల్ నుంచి ఉత్తరం రాసిన గుంటూరు అమ్మాయికి,

మీ ఆయన అర్మేనియన్, బాబుకు నాలుగో నెల. యెరెవాన్ నుంచి వచ్చిన అత్తగారు, సోవియట్ రోజుల్లో వాళ్ల అమ్మమ్మ పరుపుల మధ్య దాచిన పాత సువార్త పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి మీ దేవుడి అరలో పెట్టారు. బాప్తిస్మానికి తేదీ, హాలు, జ్ఞానతండ్రి అన్నీ ఆవిడే ఖాయం చేశారు. అన్నప్రాశన కాకుండా ఏదీ వద్దని మీ అమ్మగారు ఫోన్లో ఏడుస్తున్నారు. ముందు ఏది చేస్తే దోషం ఉండదని మీరు అడిగారు.

ఏది ముందు చేసినా దోషం లేదు. అన్నప్రాశన ఆరో నెలలో చేసుకోండి. ఆ ప్రశ్న అక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట ఉంది. "మా ఆయన్ని అడిగితే 'మీరిద్దరూ తేల్చుకోండి' అంటారు." అసలు చిక్కు అక్కడుంది. బిడ్డ ఆయనది, తల్లి ఆయన తల్లి, ఆచారం ఆయన వంశానిది. ఆయన తప్పుకుంటే మీరిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇలా తప్పుకునే మగవాళ్లను ఓర్పు గలవాళ్లని మెచ్చుకుంటాం. నేను మాత్రం మెచ్చుకోను.

అత్తగారి పట్టుదల ఎక్కడిదో చూడండి. క్రీ.శ. 301లో క్రైస్తవాన్ని రాజ్యమతం చేసుకున్నామని చెప్పుకునే జాతి వాళ్లది. 1915లో ఒట్టోమన్ టర్కీలో అర్మేనియన్లపై జరిగిన మారణకాండ తర్వాత వాళ్లకు చర్చి, భాష, ప్రాణం వేరువేరుగా లేవు. సోవియట్ కాలంలో గుళ్లు మూతపడితే, చాలా ఇళ్లలో విశ్వాసాన్ని కాపాడింది ముసలమ్మలే. ఆ పుస్తకం వాళ్ల ఊళ్లలో 'తన్ సుర్బ్', అంటే ఇంటి దైవం. దాని ముందు కొవ్వొత్తి వెలిగించి మొక్కుకుంటారు. మీ మీద పంతానికి పెట్టిందనుకోకండి. అయినా మీ అరలో పెట్టే ముందు మిమ్మల్ని ఒక మాట అడగాల్సింది. ఆ మాట ఆవిడకు చెప్పాల్సింది మీ ఆయన.

ఒప్పుకునే ముందు, దేనికి ఒప్పుకుంటున్నారో తెలుసుకోండి. అర్మేనియన్ చర్చిలో పసిబిడ్డకు బాప్తిస్మం, తైలాభిషేకం, ప్రసాదం మూడూ ఒకే పూట అవుతాయి. మూడుసార్లు నీళ్లలో ముంచుతారు. తర్వాత మ్యురోన్ అనే పవిత్ర తైలాన్ని నుదురు, కళ్లు, చెవులు, ముక్కు, నోరు, చేతులు, గుండె, వీపు, పాదాలకు రాస్తారు. ఆపైన ప్రసాదం పెదవులకు తాకిస్తారు. మ్యురోన్‌ను అర్మేనియాలో వాళ్ల చర్చి ప్రధాన పీఠమైన ఎచ్మియాద్జిన్‌లో సాధారణంగా ఏడేళ్లకోసారి నలభైకి పైగా పూలు, మూలికలతో కాచి, పాతదాన్ని కొత్తదాంట్లో కలుపుతారు. అంటే మీ బాబు నుదుటి మీద చుక్కలో వందల ఏళ్ల నాటి తైలం కలిసుంటుంది. ఇది జన్మలో ఒక్కసారే. చేశాక వెనక్కి తీసుకునేది ఉండదు. అందుకే "ఏదో ఒకటి కానిచ్చేద్దాం" అనే పని కాదిది.

ఇలాంటి చోట ఎక్కువగా తగవు వచ్చేది కవోర్ దగ్గర. జ్ఞానతండ్రిని కవోర్ అంటారు. బిడ్డను ఎత్తుకుని జవాబులు చెప్పేది ఆయనే, ఆ చుట్టరికం బతికినంత కాలం నిలుస్తుంది. ఆయన బాప్తిస్మం పొందినవాడై ఉండాలి కాబట్టి మీ అన్నయ్యకు ఆ చోటు దొరకదు. కానీ ఎవరనేది మీ ఆయన మీతో కూర్చుని నిర్ణయించాలి. ఫాదర్ దగ్గరికి ఆయన మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. తల్లి హిందువని మొదటి మాటలోనే చెప్పాలి. దాచితే ఆ రోజు గుడి మెట్ల మీద గొడవవుతుంది.

మతాఘ్ సంగతీ ముందే తేల్చండి. ఉప్పును ఆశీర్వదించి, గొర్రెనో కోడినో ఆ ఉప్పుతో ఉడికించి పంచుతారు. మీది మాంసం ముట్టని ఇల్లని రాశారు. మీ వంటింట్లో వండక్కర్లేదు, చర్చి దగ్గర వండించమనండి. మీరు తినక్కర్లేదు, పంచేటప్పుడు పక్కన నిలబడితే చాలు.

ఈ శనివారం సాయంత్రం అత్తగారిని పుస్తకం ముందు కొవ్వొత్తి వెలిగించమనండి, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి. 'హైర్ మెర్', అంటే 'మా తండ్రీ' అనే పరలోక ప్రార్థన, ఆయన నోటితో చెప్పమనండి. తడుముకుంటే తడుముకోనివ్వండి. ఆ తర్వాత ఆయన్ని రెండే అడగండి: ఇది బాబుకు నువ్వు నేర్పుతావా? మా అమ్మ నేర్పే విష్ణు సహస్రనామం విననిస్తావా? రెంటికీ ఆయనే, వాళ్ల అమ్మ ఎదుట, జవాబు చెప్పాలి. అది వచ్చేదాకా హాలుకు బయానా కట్టొద్దు, కట్టేసి ఉంటే తేదీ జరపమనండి.

మీ అమ్మగారికి మాత్రం ఫోన్ మీరే చెయ్యండి. వాళ్లలోనూ బాలింత నలభై రోజులయ్యాకే బిడ్డనెత్తుకుని గుడికి వెళ్తుందని చెప్పండి. ఆవిడకు తెలిసిన పద్ధతే కాబట్టి, ముందు ఏడుపు ఆపి వింటారు.