పాలు పోసుకునే గింజ గురించి రాసే నీకు

నెల్లూరు

అబ్బయ్యా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వరి గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి గట్టిపడే దాకా లోపల ఏ అణువులు ఎలా మారతాయో తెలుగులో చెప్పాలని కూర్చున్నావు. ఈ పని చేసేవాళ్లు మనలో చాలా తక్కువ. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, మనసు కష్టపెట్టుకోవద్దు.

మొదటి పేరాలోనే పదకొండు ఎంజైముల పేర్లు పెట్టావు. వాటిలో తప్పేం లేదు. కానీ కోవూరులోనో బుచ్చిరెడ్డిపాళెంలోనో వరి పండించే మనిషి ఆ పేరా దాటి ముందుకు పోడు. ఆ పదకొండిట్లో ఏది ముందు పనిలోకి దిగుతుందో, ఏది తర్వాతో నువ్వు చెప్పలేదు మరి. మన దగ్గర పూత అయిన నెల రోజులకు అటూ ఇటూగా గింజ కోతకొస్తుంది. ఆ నెల రోజుల వెంటే నీ వ్యాసాన్ని నడిపించు.

రైతు దగ్గర అప్పటికే మాటలున్నాయి. చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలు పోసుకోవడం, తాలు. ఇవన్నీ చేలో నిలబడి, గింజను వేళ్లతో నొక్కి చూసినవాళ్లు పెట్టిన పేర్లు. ఆ మాట తీసుకెళ్లినంత దూరం దాంతోనే వెళ్లు. అది ఆగిన చోట శాస్త్రం మాట అందుకో. ఉదాహరణకు 'పాలు' అనే మాటే చూడు. పూత అయిన తొలి రోజుల్లో గింజ లోపల కేంద్రకాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతుంటాయి, మధ్యలో గోడలుండవు. కొద్ది రోజులకు గోడలు లేస్తాయి. ఆ గదుల్లో పిండి రేణువులు పోగవడం మొదలవుతుంది. ఆ రేణువులు కలిసిన ద్రవమే మన వేళ్లకు అంటే పాలు. ఇంత చెప్పాక ఆ పిండి భాగాన్ని ఎండోస్పెర్మ్ అన్నా ఎవరూ భయపడరు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట 'ఆకులో తయారైన పిండి గింజలోకి ప్రవహిస్తుంది' అని రాశాను. పిండి అలా ప్రవహించదు, నీళ్లలో కరిగేది కాదు కదా. ఆకు పంపేది సుక్రోజ్, అంటే మనం కాఫీలో వేసుకునే చక్కెరే. పూతకు ముందు కాడలో దాచుకున్న పిండి కూడా మళ్లీ చక్కెరగా మారాకే పైకి కదులుతుంది. గింజలోకి చేరాక ఆ చక్కెరను విడగొట్టి, గ్లూకోజ్‌ను ఒక్కొక్కటిగా గొలుసుకు తగిలిస్తే మళ్లీ పిండి అవుతుంది. నా వాక్యాన్ని ఒక విద్యార్థి పరీక్షలో అలాగే రాశానని చెప్పినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ఎంజైము పేరు కంటే ముందు క్రియను సరిచూసుకుంటున్నాను. ప్రవహిస్తుందా, విడిపోతుందా, అతుక్కుంటుందా? నువ్వూ అదే చెయ్యి.

నీ నాలుగో పేరాలో 'ఈ జన్యువు వల్లే గింజ నిండుతుంది' అని ఉంది. నువ్వు చెప్పిన గిఫ్1 జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2008లో గుర్తించిన మాట నిజమే. వచ్చిన చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ ఎంజైమును అది తయారు చేయిస్తుంది. కానీ ఒకే వెన్నులో చూడు. పై గింజలు ముందు పూసి ముందు నిండుతాయి, అడుగు గింజలు వెనకబడి కొన్ని తాలుగా మిగులుతాయి. జన్యువులు రెంటికీ అవే. మరి తేడా ఎక్కడిది? ఆ ప్రశ్నను పాఠకుడి ముందు పెట్టు. 'వల్లే' తీసేసి 'వల్ల' అని రాయి.

అన్నం గురించి నువ్వు రాసింది బాగుంది. పిండిలోని ఒక రకం గొలుసైన అమైలోజ్ ఎక్కువైతే పొడిపొడిగా, తక్కువైతే ముద్దగా వస్తుందనీ, దాన్ని వ్యాక్సీ అనే జన్యువు నడిపిస్తుందనీ చెప్పావు. మన నెల్లూరు వరి మొలగొలుకుల పేరు తెచ్చావు కాబట్టి ఇక్కడివాళ్లు ఇష్టంగా చదువుతారు. ఇంకేం చేర్చొద్దు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటు వేరే ఉంది. ఎండ! నాట్లు ఆలస్యమైన చేలు మార్చి ఎండల్లో పాలు పోసుకుంటాయి. ఆ వేడికి పిండి కట్టే జన్యువుల్లో కొన్నిటి పని తగ్గుతుంది. ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము జోరు పెరుగుతుంది. నిజానికి దాని పని మొలకెత్తేటప్పుడు, పిండిని విరిచి మొలకకు తిండి పెట్టడం. వేడిలో అది గింజ నిండుతుండగానే పనిలోకి దిగుతుంది. ఒక పక్క కడుతుంటే ఇంకో పక్క విరుగుతుంటుంది. రేణువుల మధ్య సందులు మిగిలి, వెలుగు వాటి మీద చెదిరి, గింజ తెల్లగా కనిపిస్తుంది. మనవాళ్లు పొట్ట తెలుపు అనేది దీన్నే. అలాంటి గింజ మిల్లులో విరిగి నూకవుతుంది, ధర పడిపోతుంది. జపాన్ పరిశోధకులు ఆ అమైలేజ్ జన్యువులను అణచిన వరిలో, వేడిలో కూడా ఈ తెలుపు తగ్గిందని 2012లో చూపించారు. అణువుల్లో జరిగింది రైతు చేతికొచ్చే డబ్బుల దాకా వచ్చేది ఇక్కడే. కనీసం రెండు పేరాలు ఇవ్వు.

ఇంకొకటి. గింజ ఎండేసరికి పిండి నింపుకున్న కణాలు చచ్చిపోతాయి. బతికుండేది మొలకా, పైనున్న సన్నటి అల్యూరోన్ పొరా. మిల్లు ఆ రెంటినీ తవుడులోకి పంపేస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నేను అన్నం పళ్లెం ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. నువ్వు దీన్ని బ్రాకెట్లో పెట్టావు, బయటికి తీసుకురా.

తిరగరాసే ముందు మీ చేలోకి వెళ్లు. పొద్దున తొమ్మిది దాటాక పూలు విచ్చుకుంటాయి. ఆ రోజు పూసిన వెన్నులకు దారం కట్టి, మూడు రోజులకోసారి ఒక గింజ నొక్కి చూసి, చూసింది అక్కడే రాసుకో. ఎర్ర దారం పట్టుకుపో, పచ్చటి చేలో దూరం నుంచే కనపడుతుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న