పీట్ నేలల్లో మీథేన్ మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకు రోజూ ఏం పని ఉంటుంది?

అమెరికాలోని ఉత్తర మినసోటాలో ఐదేళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. పీట్ అంటే నీళ్లు నిలిచిన చిత్తడిలో నాచు, మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నేల. అందులోంచి వచ్చే మీథేన్ భూమిని వేడెక్కించే వాయువు. ఎక్కువ రోజులు చెక్కబాట మీద మోకాళ్లూని కూర్చోవడమే. నేలలో ముందే పాతిన రింగు మీద డబ్బా బోర్లించాలి. అరగంటలో ఐదుసార్లు సిరంజితో గాలి తీసి సీసాల్లోకి ఎక్కించాలి. ఆ డబ్బాలో మీథేన్ ఎంత వేగంగా పెరిగిందో చూసి, నేల ఎంత వదులుతోందో లెక్క కడతాం.

రెండో ఏడాది జూలైలో, నాతో వచ్చిన కొత్త కుర్రాడు దోమలు తోలుకుంటూ చెక్కబాట దిగి నాచు మీద కాలు వేశాడు. మోకాలి దాకా దిగబడిపోయింది. చుట్టూ బుడబుడమని బుడగలు. చిన్నప్పుడు దమ్ము చేసిన మడిలో దిగితే పాదాల చుట్టూ అచ్చం ఇలాగే వచ్చేవి. అక్కడైనా ఇక్కడైనా గాలి అందని బురదలో మీథేన్ తయారుచేసే అదే రకం సూక్ష్మజీవుల పని.

ఆ రీడింగ్ తీసేశాం, అది న్యాయమే. కానీ అదే వారం, గాలివానకు ముందు వాతావరణ పీడనం పడిపోయినప్పుడు, ఎవరూ అడుగు పెట్టని మూడు రింగుల్లో కూడా మీథేన్ ఒక్కసారిగా ఎగిరింది. "గ్రాఫులో గీత తిన్నగా రాలేదు, తీసెయ్" అన్నారు మా గ్రూపులో సీనియర్లు. తీసేశాను. ఆ బాధ ఇంకా పోలేదు. పీడనం తగ్గితే బురదలో చిక్కుకున్న బుడగలు పైకి వచ్చేస్తాయి. నెమ్మదిగా పైకి వచ్చే మీథేన్‌లో చాలా భాగాన్ని పై పొరల్లోని బ్యాక్టీరియా తినేస్తుంది. బుడగ మాత్రం దానికి చిక్కకుండా నేరుగా గాలిలో కలుస్తుంది. అలాంటిదాన్ని తప్పుడు రీడింగ్ అని పారేస్తే ఇంక మనం కొలిచేదేమిటి? పీట్ నేలల మీథేన్ లెక్కలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తున్నాయని నా గట్టి నమ్మకం.

మొత్తం భూభాగంలో ఈ నేలలు 3 శాతమే. నేలల్లోని కార్బన్‌లో మాత్రం దాదాపు మూడో వంతు వీటిలోనే ఉంది. అదంతా ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగని పొరల్లో వేల ఏళ్లుగా చేరింది. నేను పనిచేసిన చోటికి దగ్గర్లోనే, మార్సెల్ అడవిలో, స్ప్రూస్ అనే ప్రయోగం చేశారు. పీట్ నేల చుట్టూ గదులు కట్టి, బయటి కంటే 9 డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కువ వేడి చేశారు. వేడి పెరిగేకొద్దీ మీథేన్ పెరిగింది, దాచుకున్న కార్బన్ తరిగింది.

ఇంకో మాట. ఇంటికి ఫోన్ చేస్తే "కోకోపీట్ మీదేనా నీ చదువు?" అని అడిగేవారు. కోకోపీట్ కొబ్బరి పీచు పొట్టు, దీనికీ దానికీ సంబంధం లేదు. మిద్దెతోటలు పెంచేవాళ్లకు నా విన్నపం: ఆ పొట్టే వాడండి, పీట్ మాస్ సంచులు కొనకండి. అవి ఇలాంటి నేలను తవ్వి తెచ్చినవే.

ఆ జూలై తర్వాత "పాడైన" రీడింగ్ ఒక్కటీ చెరపలేదు. అన్నీ వేరే ఫైల్లో, ఆనాటి పీడనంతో సహా రాసిపెట్టుకున్నాను. నా థీసిస్‌లో నాలుగో అధ్యాయమంతా వాటి మీదే.