పంటి మందుల తర్వాత వారంగా మోషన్స్: హోటల్ తిండి వల్ల కాకపోవచ్చు

పంటికి ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడాక వారంగా మోషన్స్ అవుతున్నాయి, హోటల్ తిండి వల్లేనా అని అడిగారు కదా, నా అనుమానం మాత్రం ఆ యాంటీబయాటిక్ మీదే. పంటి చీములో ఉన్న బ్యాక్టీరియా ఏదో, పేగుల్లో మనకు పనికొచ్చేది ఏదో దానికి తెలీదు, రెండింటినీ చంపుకుంటూ పోతుంది.

ఎక్కువ మంది తప్పు చేసేది ఆ తర్వాతే. కడపలో మెడికల్ షాపుకెళ్లి "మోషన్స్‌కి ఇవ్వన్నా" అని తెచ్చుకున్నానన్నారు కదా, ఆ స్ట్రిప్ వెనక్కి తిప్పి పేరు చదవండి. నార్‌ఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, టినిడజోల్, ఆర్నిడజోల్ లాంటివి కనిపిస్తే అదీ యాంటీబయాటిక్ రకమే, అంటే మిగిలిన కాస్త మంచి బ్యాక్టీరియా మీద రెండో దెబ్బ. మా ఇంట్లోనూ ఇలాగే చేసి ఇంకో వారం పడ్డాం.

1. ఆ స్ట్రిప్ ఫోటో డాక్టర్‌కి పంపండి, పంటి కోర్సు సంగతి కూడా చెప్పండి. చాలామంది అది చెప్పరు.

2. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపండి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. మన ఎండలకు ఇది మాత్రం తప్పదు.

3. పెరుగు, మజ్జిగ మంచివే, కానీ పొగలు కక్కే సంగటిలో కలిపితే అందులో బ్యాక్టీరియా బతకదు, చల్లారాక కలపండి.

4. రక్తం, జ్వరం, గట్టి కడుపునొప్పి ఉంటే మోషన్స్ ఆపే లోపెరమైడ్ సొంతంగా వేసుకోవద్దు, ఈరోజే ఆస్పత్రికి వెళ్లండి. క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఇలాంటి సమయంలోనే పెరుగుతుంది, కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా బయటపడొచ్చు. దానికి మల పరీక్ష ఉంది, అడగండి.