ఆరో తరగతికి జడ్పీ హైస్కూల్: రెండేళ్ళలో మేం చూసింది

పాపని ప్రైవేటు నుంచి తీసి ఆరో తరగతికి జడ్పీ హైస్కూల్లో వేయొచ్చా అన్న మీ ప్రశ్న చదవగానే రెండేళ్ళ కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. మీ పాపకు ఐదో తరగతి అయిపోయింది, ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి 48 వేలు అడుగుతున్నారు, బస్సు ఫీజు వేరే. ఇంటికి పది నిమిషాల నడకలో జడ్పీ హైస్కూల్ ఉంది, అందులో వేస్తే పిల్ల వెనకబడిపోతుందేమోనని కదా మీ టెన్షన్. మాదీ తెలంగాణలో ఒక మండల కేంద్రమే. 2024 జూన్‌లో మా అమ్మాయిని ప్రైవేటు నుంచి తీసి జడ్పీలో ఆరులో వేశాం. ఈ ఏప్రిల్‌తో ఏడు కూడా అయిపోయింది.

"సర్కారు బడి మంచిదేనా?" అని ఊళ్ళో అడక్కండి. నేను అడిగి బుర్ర పాడు చేసుకున్నాను. చెప్పేవాళ్ళలో సగం మంది పిల్లలు ఆ గేటు కూడా దాటి ఉండరు. అడగాల్సింది ఒకటే, అదీ హెడ్మాస్టర్‌నే అడగాలి: ఈ ఏడాది ఏ సబ్జెక్టుకి టీచర్ ఉన్నారు, దేనికి లేరు?

ప్రైమరీలో ఒక టీచర్ లేకపోతే పక్క టీచర్ సర్దుకుంటారు. హైస్కూల్లో అలా కుదరదు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, ఒక్కోదానికి ఒక్కో స్కూల్ అసిస్టెంట్, అంటే ఆ సబ్జెక్టు టీచర్, ఉంటారు. ఒకరికి బదిలీ అయి ఆ పోస్టు ఖాళీగా ఉండిపోతే, మిగతా ఆరుగురు ఎంత బాగా చెప్పేవాళ్ళైనా ఆ పీరియడ్‌లో పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడమే.

మాకు సరిగ్గా అదే జరిగింది. బడిబాట రోజుల్లో, అంటే టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో చేర్చుకునే రోజుల్లో, మా ఇంటికొచ్చి, గంటసేపు కూర్చుని, "మీ పాప బాధ్యత నాదమ్మా" అన్న లెక్కల సార్‌కి ఆ వేసవి బదిలీల్లోనే వేరే మండలం పడింది. ఆయన్ని ఏమనగలం? దసరా దాకా లెక్కలకి మనిషి లేడు. ఫిజికల్ సైన్స్ మేడమ్ వీలు చూసుకుని వారానికి రెండు పీరియడ్లు తీసుకునేవారు. మిగతాది నా మీద పడింది. నాకు పదో తరగతి నుంచీ లెక్కలంటే దడే. రాత్రి పాప పడుకున్నాక ఫోన్లో భిన్నాల వీడియోలు చూసి, పొద్దున్న దానికి చెప్పేదాన్ని. తప్పు చేశామా అని మా ఆయన, నేను గట్టిగానే గొడవ పడ్డాం.

అక్టోబరులో ఆ ఏటి డీఎస్సీలో (టీచర్ పోస్టుల పరీక్ష) ఎంపికైనవాళ్ళకి పోస్టింగులిచ్చారు. మా బడికి ఒక కుర్ర సార్ వచ్చారు. వచ్చిన వారంలోనే పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళి, సున్నంతో పొడుగ్గా గీత గీసి, మధ్యలో సున్నా రాసి, ప్లస్ అంటే ముందుకి, మైనస్ అంటే వెనక్కి నడవమన్నారట. ఆ సాయంత్రం మా వాకిట్లో ముగ్గుపిండితో అదే గీత పడింది. వాళ్ళ నానమ్మని కూడా మైనస్ మూడు దగ్గర నిలబెట్టింది.

చూశారా, బడి అదే, పిల్లలూ వాళ్ళే. జూన్‌లో అడిగితే వద్దనేదాన్ని, డిసెంబరులో అడిగితే వేయమనేదాన్ని. అందుకే ఈ ఏటి సంగతి కనుక్కోమంటున్నా.

రెండోది, ఏడు, ఎనిమిది చదివే పిల్లల నోట్సులు తిప్పి చూడండి. మీ వీధిలోనే ఒకరో ఇద్దరో ఉంటారు. ఎర్ర సిరా ఎంతుందని కాదు. నలుగురు పిల్లల నోట్సుల్లో ఒకే జవాబు అక్షరం పొల్లు పోకుండా ఉందంటే అది బోర్డు మీదో గైడులోనో చూసి దించిందే. మా బడి ఇంగ్లిష్ నోట్సులు అలాగే ఉన్నాయి, ఇప్పటికీ అంతే. సోషల్ నోట్సుల్లో మాత్రం ఎవరి వాడకట్టు మ్యాపు వాళ్ళు గీశారు, ఒకమ్మాయి వాళ్ళ గేదెల కొట్టం కూడా పెట్టింది. ఆ మ్యాపు చూసే నేను సగం ఒప్పుకున్నాను.

మీది ఆడపిల్ల కాబట్టి మూడోది. మా పాప మొదటి నెల రోజులూ నీళ్ళ బాటిల్ నిండుగా తీసుకెళ్ళి నిండుగానే తెచ్చేది. అడిగితే దాహం వేయలేదనేది. అసలు సంగతి, టాయిలెట్‌లో నీళ్ళు రావు కాబట్టి ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్ళే తాగట్లేదు. బడుల వివరాలు పెట్టే ప్రభుత్వ సైట్ యూడైస్ ప్లస్‌లో ఏ బడికి ఎంతమంది టీచర్లు, ఎన్ని గదులు, టాయిలెట్లు ఉన్నాయా లేదా, అన్నీ చూడొచ్చు. కానీ ఆ లెక్కలు బడి నుంచే వెళ్తాయి, గోడలు ఉంటే ఉన్నట్టే రాస్తారు. వెళ్ళినప్పుడు మీరే తలుపు తీసి, కుళాయి తిప్పి చూడండి. సిగ్గుపడొద్దు. మా దగ్గర ఐదుగురు తల్లులం కలిసి హెడ్మాస్టర్ గారి దగ్గరికి మూడుసార్లు వెళ్తే మోటారు బాగుచేయించారు. శుభ్రం చేసే ఆవిడకి జీతం సరిపోక, ఇంటికి కొంత వేసుకుని ఇస్తున్నాం. ప్రతి సర్కారు బడికీ ఒక కమిటీ ఉంటుంది, విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. మీ ఊళ్ళో అందులో ఎవరెవరున్నారో అడగండి. పేర్లు చెప్పడానికి తడుముకుంటే అది కాగితం కమిటీ.

మంచి కూడా చెప్పాలి కదా. మేం అనుకోని లాభం పాఠ్యపుస్తకాల వల్ల వచ్చింది. ఇప్పుడు సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ప్రైవేటులో ఐదేళ్ళు ఇంగ్లిష్ మీడియం చదివిన మా పిల్ల సైన్స్ అంతా బట్టీనే. అయస్కాంతాల పాఠం తెలుగు పేజీలో చదివాక, "అమ్మా, ఫ్రిజ్ తలుపు దానంతటదే అతుక్కునేది ఇందుకేనా?" అంది. సైన్స్ గురించి అది నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

పోయింది కూడా ఉంది. ఇంగ్లిష్ గలగలా మాట్లాడటం తగ్గింది. హోంవర్క్ తక్కువ, రోజూ డైరీలో సంతకాలుండవు, వారం వారం పరీక్షలుండవు. మొదట హాయిగా అనిపించింది గానీ ఆ ఖాళీని ఇంట్లో ఎవరో ఒకరు నింపాలి. నేను రోజూ ఒక గంట కూర్చుంటాను. ఇంగ్లిష్‌కి నెలకి 700 ఇచ్చి పక్కవీధిలో ట్యూషన్ పెట్టాం. మీ ఇద్దరూ రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్ళైతే, ఇంట్లో చదువు చూసే మనిషి లేకపోతే, ఇంకోసారి ఆలోచించండి. లెక్కలు, ఫిజికల్ సైన్స్ రెండు పోస్టులూ ఖాళీగా ఉంటే ఈ ఏడాదికి మాత్రం వద్దనే అంటాను. అలాగని ప్రైవేటులో కళ్ళు మూసుకుని చేర్చకండి, అక్కడ కూడా పోయినేడాది టీచర్లలో ఎంతమంది మిగిలారో అడగండి. మా పాత స్కూల్లో ఐదో తరగతికి ఒకే ఏడాదిలో ముగ్గురు ఇంగ్లిష్ టీచర్లు మారారు.

చుట్టాల సంగతి వేరే చెప్పాలా? "ఏమైనా ఇబ్బందుల్లో ఉన్నారా?" అని మా ఆడపడుచు పెళ్ళిలో అందరి ముందూ అడిగింది. ఫీజు మిగిలిందని నవ్వి ఊరుకున్నాను.

ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, ప్రైవేటు పిల్లలు రాయడానికి లేదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. వస్తే మంచిదే గానీ, దాన్ని చూసుకుని బడి మార్చకండి.

మార్చాలనే అనుకుంటే టీసీ ఇప్పుడే అడగండి. మా పాత స్కూలు వాళ్ళు పాత బాకీ ఏదో తేలాలంటూ నెల తిప్పారు. టీసీ ఆలస్యమైందని సర్కారు బడి ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదని చట్టంలోనే ఉంది. నేను ఆ మాట చెప్పి, ఆధార్, పాత ప్రోగ్రెస్ కార్డు చూపించి చేర్చేశాను, టీసీ తర్వాత ఇచ్చాను. జూన్‌లో బడి తెరవగానే మొదటి వారంలో వెళ్ళండి, పుస్తకాలకీ యూనిఫాంకీ లెక్క రాసేటప్పుడు పాప పేరు ఉంటుంది.