అందరికీ ఒకటే ఫోన్ నంబరా?

ప్రశ్న: కావలిలో రొయ్యల మేత దుకాణం మాది. మా మేనల్లుడు రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాంలో రైతుల ఫోన్ నంబర్లు ఎక్కించాం. నిన్న చూస్తే అందరి పేరు పక్కనా 2147483647 అనే ఉంది. ఎవరైనా హ్యాక్ చేశారా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: హ్యాకింగ్ కాదండీ, మీ మేనల్లుడి పొరపాటే. ఫోన్ నంబరు గడిని 'ఇంట్' (పూర్ణ సంఖ్య) రకంగా పెట్టి ఉంటాడు. దానికి 32 బిట్ల (ఒక్కో బిట్‌లో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది) చోటుంటుంది. ఒక బిట్ ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి పోతే, మిగిలిన 31 బిట్లూ ఒకట్లతో నిండినప్పుడు వచ్చే సంఖ్య ఇదే: 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి అన్నీ 600 కోట్ల పైమాటే. ఇలాంటి వివరాలు దాచే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో స్ట్రిక్ట్ మోడ్ (హద్దు మీరితే ఒప్పుకోని పద్ధతి) పెట్టకపోతే అది ఎర్రర్ చూపించదు. కుంచం మీద ఎంత పోసినా పైది జారిపోయి కుంచెడే మిగిలినట్టు, తనకు పట్టినంతే రాసుకుంటుంది.

కుంచం అన్నాను కాబట్టి గింజల లెక్కే చూద్దాం. చదరంగం బల్ల మీద ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేస్తూ 31 గళ్లు నింపితే సరిగ్గా ఇన్ని గింజలు. మొలగొలుకుల వడ్లు వెయ్యి గింజలు 20 గ్రాములు అనుకుంటే దాదాపు 43 టన్నులు. నెల్లూరు పుట్టి 850 కిలోల లెక్కన 50 పుట్ల ధాన్యం!

అడగకపోయినా ఇంకోటి చెబుతాను. ఇది ప్రధాన సంఖ్య. చూపు దాదాపు పోయిన గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772లో దీన్ని తేల్చాడు. భాగించే సంఖ్య ఏదైనా ఉంటే వర్గమూలం 46,340 లోపే ఒకటి దొరకాలి. ఆ భాగించే సంఖ్య కూడా ప్రధాన సంఖ్య అయితే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. అలా వడపోస్తే పరీక్షించాల్సినవి కొన్ని వందలే. ఒక్కటీ భాగించలేదు. తర్వాత ఏడు దశాబ్దాలకు పైగా, తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది.

ఇక మీ పని. ముందు బ్యాకప్ తీసి, ఆ గడిని 'వార్‌చార్' (అంకెల్ని కూడా అక్షరాల్లా దాచే) రకానికి మార్చమనండి. 'అన్‌సైన్డ్ ఇంట్' (మైనస్ లేని ఇంట్) పెడతానంటే ఒప్పుకోకండి, దాని హద్దు 429 కోట్లే. 'బిగ్ఇంట్' (ఇంకా పెద్ద ఇంట్) సరిపోతుంది గానీ ముందున్న సున్నా, +91లోని ప్లస్ పోతాయి. ఫోన్ నంబర్లను మనం కూడబోతామా, హెచ్చవేయబోతామా? పోయిన నంబర్లు మాత్రం ఆ గడిలో లేవు, పాత బిల్లు పుస్తకాలు తిరగేయాల్సిందే. పనిలో పనిగా తేదీల గడులు కూడా చూడమనండి. 1970 నుంచి గడిచిన సెకన్లుగా సమయాన్ని దాచే 'టైమ్‌స్టాంప్' రకమైతే 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి ఇదే సంఖ్య దగ్గర ఆగిపోతుంది.

ప్రశ్న: ఎక్సెల్‌లో డెబిట్ కార్డు 16 అంకెలు కొడితే చివరిది సున్నా అయిపోతోంది. (ఒంగోలు)

జవాబు: ఎక్సెల్ 15 అంకెల దాకే గుర్తుంచుకుంటుంది. టైప్ చేసే ముందే సెల్‌ను టెక్స్ట్‌గా మార్చండి. అయినా కార్డు నంబర్లు ఎక్సెల్‌లో దాచడమేమిటండీ?