లింక్స్ గోల్ఫ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రిటైరైన లెక్చరర్‌ని, మాది శ్రీకాకుళం. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో గోల్ఫ్ ఆడుతుంటాను. అమ్మాయి, అల్లుడు స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో ఉంటారు, జూన్‌లో వెళ్తున్నాం. అల్లుడికీ ఆట వచ్చు. అక్కడి సముద్రతీరపు లింక్స్ కోర్సుల్లో నాలాంటివాడు ఆడగలడా? సెయింట్ ఆండ్రూస్‌లో ఛాన్స్ దొరుకుతుందా? టీవీలో ఆ గాలి చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: నిక్షేపంగా ఆడగలరు మాస్టారూ. కాకపోతే ఇక్కడ అలవాటైన ఆట కొంచెం మార్చుకోవాలి, బంతిని ఆకాశంలోంచి నేలమీదకి దించాలి, అంతే.

లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య పంటకి పనికిరాక వదిలేసిన ఇసుక నేలలు. బారువ, కళింగపట్నం దగ్గర ఒడ్డు దాటగానే దిబ్బలుంటాయి చూడండి, ఇంచుమించు అలాగే, కానీ సరుగుడు తోటలుండవు, గాలికి అడ్డం ఉండదు, నేలంతా పొట్టి ఫెస్క్యూ గడ్డి. ఇసుక నేల కాబట్టి వాన నీరు వెంటనే ఇంకిపోతుంది, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డచోట ఆగకుండా దొర్లుకుంటూ పోతుంది. అందుకే నేరుగా జెండా మీదకి ఎత్తి కొడితే గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దాటి అవతల పడుతుంది. సెవెన్ ఐరన్ (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర) తీసుకుని, బంతిని కుడికాలి వైపు పెట్టుకుని, చిన్నగా స్వింగ్ చేసి గ్రీన్‌కి ముందే దించండి, గోళీలాటలోలాగ ఎత్తుపల్లాలు చూసుకుని దొర్లనివ్వండి. గ్రీన్ బయట నుంచి కూడా పట్టర్ (బంతిని దొర్లించే కర్ర) వాడొచ్చు, అక్కడ ఎవరూ నామోషీగా అనుకోరు. ఎదురుగాలిలో బలంగా కొట్టాలనిపిస్తుంది, వద్దు. గట్టిగా కొడితే బంతి వెనక్కి తిరుగుడు ఎక్కువై పైకి లేస్తుంది, లేచిందంటే గాలి దాన్ని అక్కడే నిలబెట్టేస్తుంది. దూరం కొట్టే పెద్ద కర్ర తీసుకుని మెల్లగా కొట్టండి.

బంకర్లు, అంటే ఇసుక గుంతలు, చిన్నవి, లోతైనవి, పచ్చిక పెళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి గోడ కట్టినట్టుంటాయి. అందులో పడితే పౌరుషానికి పోకుండా పక్కకో వెనక్కో కొట్టి బయటపడండి.

ఇక సెయింట్ ఆండ్రూస్ సంగతి. అక్కడి పేరున్న కోర్సు, ఓల్డ్ కోర్స్, ప్రైవేటు క్లబ్బుది కాదు, పబ్లిక్ కోర్సే. ఇద్దరు కలిసి లాటరీకి పేరిస్తే రెండు రోజుల ముందు డ్రా తీస్తారు, కాబట్టి మీరూ అల్లుడుగారూ కలిసి వేయండి. హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె) సర్టిఫికెట్ అడుగుతారు, మీ క్లబ్బులో ముందే రాయించుకోండి. ఆదివారం మామూలుగా ఆట ఉండదు, ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని ఆ కోర్సు మీదే షికారు చేస్తారు. ఆ రోజు మీరూ వెళ్లి పదిహేడో హోల్ దగ్గరి రోడ్ బంకర్ పక్కన నిలబడి లోపలికి చూడండి, పైసా ఖర్చు లేదు. 18 హోల్స్ అన్న లెక్క మొదలైంది కూడా ఆ ఊళ్లోనే, 1764లో, అంతకుముందు అక్కడ 22 ఉండేవి. లాటరీ తగలకపోతే దిగులు పడొద్దు, పక్కనే 1895 నాటి న్యూ కోర్స్ ఉంది, అది కూడా అసలైన లింక్సే.

నన్నడిగితే మాత్రం మీరు ముందు చూడాల్సింది నార్త్ బెర్విక్. ఎడింబరో నుంచి రైల్లో అరగంట. పదమూడో హోల్‌లో గ్రీన్‌కి సరిగ్గా ముందర పాతకాలపు రాతి గోడ అడ్డంగా ఉంటుంది, దాన్ని తీసేయకుండా ఆటలో భాగం చేసేశారు, మీ బంతి దానిమీంచి దాటాల్సిందే. ఆడుతూ తలెత్తితే సముద్రంలో బాస్ రాక్ అనే పెద్ద రాతి దీవి, వేసవిలో గానెట్ పక్షులు వాలి తెల్లగా మెరుస్తుంటుంది. చాలామంది సెయింట్ ఆండ్రూస్ పేరు పట్టుకుని దీన్ని వదిలేసుకుంటారు, నాకది నిజంగా బాధ.

జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది, సాయంత్రం మొదలుపెట్టినా ఫర్వాలేదు. నడకే ఎక్కువ, ఇప్పటినుంచే బ్యాగు మోసుకుని నడవడం అలవాటు చేసుకోండి. వానకోటు మర్చిపోకండి.

ప్రశ్న: మన కళింగపట్నం దిబ్బల మీద ఇలాంటి కోర్సు కట్టొచ్చు కదా? - డిగ్రీ విద్యార్థి, గార

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ గడ్డి చల్లటి దేశాలది, మన ఎండకి నిలవదు, వేరే గడ్డి వేస్తే నీళ్లు పోసి బతికించాలి. అసలు కారణం అది కూడా కాదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బలకి అన్నిటికంటే కట్టుదిట్టమైన రక్షణ ఉంది. 2018లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఏం చేసిందో మీ ఇంట్లోవాళ్లని అడుగు. అలల ఉప్పెన వస్తే ఊళ్లకీ సముద్రానికీ మధ్య ముందు అడ్డం నిలబడేవి ఆ దిబ్బలే, వాటిని చదును చేయకూడదు. ఆట నేర్చుకోవాలనుంటే విశాఖ వెళ్లు.