బీన్స్ సీసా మూత ఉబ్బింది, టమాటా చప్పబడింది: వేసవి చివరి కాపును ఎలా దాచుకోవాలి?

ప్రశ్న: సార్, ఇంటి పెరట్లో టమాటా, బీన్స్, బెండ, వంగ, కీరదోస, మిరప, గుమ్మడి, ఉల్లి వేశాను. వేసవి చివరికి వచ్చేసరికి కాపంతా ఒక్కసారిగా మీద పడింది. వానలు పడేలోపు దాచుకుందామని టమాటాలు ఫ్రిజ్‌లో పెడితే వారానికే చప్పబడి పిండిపిండిగా అయ్యాయి. బీన్స్ ముక్కలను 6 గాజు సీసాల్లో నింపి, నీళ్లు పోసి, పెద్ద గిన్నెలో గంటసేపు మరిగించి మూతలు బిగించాను. 3 వారాలకు 2 సీసాల మూతలు పైకి ఉబ్బాయి. మిగతా 4 బాగానే కనిపిస్తున్నాయి, వాటిని వాడుకోవచ్చా? ఎండబెట్టిన మిరపకాయలకు కూడా తొడిమ దగ్గర బూజు వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి. – ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు ఆ సీసాల సంగతి చూద్దాం, మిగతావి తర్వాత. మొత్తం 6 సీసాలూ పారేయండి. బాగున్నట్టు కనిపించే నాలుగు కూడా. మూత తీసి వాసన చూడొద్దు, నాలుక చివరన పెట్టి రుచి అసలే చూడొద్దు. మూతలు తీయకుండానే వాటిని మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, గట్టిగా ముడివేసి, పిల్లలకూ జంతువులకూ అందకుండా చెత్తలో వేయండి. కోళ్లకు, పశువులకు పెట్టొద్దు. కంపోస్టు గుంతలో కలపొద్దు. సీసా నుంచి ఏమైనా కారి ఉంటే చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఆ చోటును బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడవండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, క్లాస్ట్రీడియం బోట్యులినం అనే బాక్టీరియా మట్టిలోనే ఉంటుంది. బీన్స్ కాయను ఎంత కడిగినా దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు కొన్ని అంటుకునే ఉంటాయి. మామూలుగా అవి మనల్ని ఏమీ చేయవు. అయితే గాలి ఆడని చోట, పులుపు లేని తేమ పదార్థంలో, గది వేడిలో కొన్నాళ్లు ఉంటే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మూత బిగించిన బీన్స్ సీసాలో సరిగ్గా ఈ పరిస్థితులన్నీ ఉన్నాయి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, గంటసేపు మరిగించినా ఆ వేడికి సిద్ధబీజాలు చావవు. పైగా ఆ మరిగించడంలో వాటికి పోటీగా ఉండే మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి కాబట్టి వీటికి దారి ఇంకా సుగమం అవుతుంది. విషం తయారైన ప్రతి సీసా మూతా ఉబ్బాలని లేదు, వాసన మారాలనీ లేదు. అందుకే ఆ నాలుగింటినీ నమ్మొద్దంటున్నాను.

1895లో బెల్జియంలో ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం తిన్న ఒక వాద్యబృందంలో చాలామంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఆ మాంసాన్ని పరీక్షించినప్పుడే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియాను పట్టుకున్నాడు. అది మాంసం, మీవి బీన్స్. గాలి ఆడకపోవడం, పులుపు లేకపోవడం మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఆ సీసాల్లోవి తిని ఉంటే జాగ్రత్తగా గమనించండి. ఒకటి రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగడం కష్టం కావడం లాంటివి మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి. ఈ లక్షణాలు చాలావరకు 12 నుంచి 36 గంటల్లో బయటపడతాయి, ఒక్కోసారి కొన్ని రోజులు కూడా పట్టవచ్చు.

ఇక దాచుకోవడంలో అసలు కిటుకు పులుపులో ఉంది. పులుపును పీహెచ్ అనే కొలతతో చూస్తాం, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 4.6 కంటే తక్కువ ఉన్న పదార్థంలో ఆ బాక్టీరియా మొలకెత్తలేదు. బీన్స్, బెండ, వంకాయ, గుమ్మడి, మొక్కజొన్న, చివరికి మిరపకాయ కూడా ఈ గీతకు పైనే ఉంటాయి. వాటిని సీసాల్లో నిల్వ చేయాలంటే ప్రెషర్ క్యానర్ అనే ప్రత్యేక పాత్ర ఉండాలి. అందులో వేడి 116 డిగ్రీల దాకా వెళుతుంది. వంటింటి ప్రెషర్ కుక్కర్ దానికి బదులు కాదమ్మా. అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. పరీక్షించి ఇచ్చిన సమయాలు పెద్ద క్యానర్ నిదానంగా వేడెక్కడం, చల్లారడం లెక్కలోకి తీసుకునే కట్టినవి. క్యానర్ లేకపోతే బీన్స్‌ను సీసాల్లో పెట్టే ఆలోచనే వదిలేయండి. ఫ్రీజర్‌లో పెట్టండి, ఎండబెట్టండి, లేదంటే వెనిగర్‌లో వేయండి. మూడూ మంచి దారులే.

ఫ్రీజర్ దారిలో చాలామంది పచ్చి బీన్స్‌ను నేరుగా సంచిలో వేసి పెట్టేస్తారు. రెండు నెలలకు అవి గడ్డి వాసన వేస్తాయి, రంగు వెలిసిపోతుంది. కాయ కోసిన తర్వాత కూడా అందులో మార్పులు తెచ్చే ఎంజైములనే పదార్థాలు పని చేస్తూనే ఉంటాయి, చలి వాటి పనిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. వాటిని ఆపేది మరుగుతున్న నీళ్లు. అరకిలో ముక్కలకు 4 లీటర్ల నీళ్లు తెర్లించి, ముక్కలు వేశాక నీళ్లు మళ్లీ మరగడం మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టండి. బీన్స్‌కు 3 నిమిషాలు, బెండకాయలు చిన్నవైతే 3, పెద్దవైతే 4 నిమిషాలు, వంకాయ ముక్కలకు 4 నిమిషాలు. వంకాయ నల్లబడకుండా ఆ నీళ్లలో అరకప్పు నిమ్మరసం కలపండి. తీసిన వెంటనే ఐసు నీళ్లలో అంతే సేపు ఉంచి, వడగట్టి, గుడ్డ మీద తడి ఆరబెట్టాలి. ఆ తడి ఉండిపోతే ముక్కలన్నీ ఒకే గడ్డ అవుతాయి. పళ్లెంలో ఒక్క వరుసగా పరిచి గడ్డకట్టించి, తర్వాత సంచుల్లో నింపి గాలి తీసేయండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర 8 నుంచి 12 నెలల దాకా రుచి నిలుస్తుంది. ఒకే రోజు ఫ్రీజర్ నిండా పచ్చి సరుకు కూరకండి, 30 లీటర్ల జాగాకు రోజుకు ఒక కిలో చాలు. మిరపకాయలకు, టమాటాలకు ఈ మరిగించే పని అక్కర్లేదు, కడిగి తుడిచి పెట్టేయవచ్చు. కీరదోస మాత్రం ఫ్రీజర్‌కు పనికిరాదు, కరిగాక నీళ్లే మిగులుతాయి.

ఇప్పుడు మీ టమాటా దగ్గరకు వద్దాం. ఫ్రిజ్ చలి టమాటాకు గిట్టదు. 10 డిగ్రీల కంటే కింద కొన్ని రోజులు ఉంటే దాని వాసననూ రుచినీ ఇచ్చే పదార్థాలు తగ్గిపోతాయి, కండ పిండిగా మారుతుంది. ఇంకా పండని కాయకు దెబ్బ మరీ ఎక్కువ, బయటికి తీశాక కూడా సరిగా పండదు. వేసవి చివర టమాటాను చెట్టు మీదే పూర్తిగా పండనివ్వాలని కూడా లేదు. అడుగున గులాబీ ఛాయ తిరిగిన కాయను కోసి, ఇంట్లో 20 నుంచి 25 డిగ్రీల నీడలో ఒక వరుసగా పెడితే చక్కగా పండుతుంది. నేను ఇదే మంచిదంటాను. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో చెట్టు మీది కాయకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు, పసుపూ నారింజా కలిసిన రంగులోనే ఆగిపోతుంది. దానికితోడు వాన పడితే పండు పగులుతుంది, పిట్టలు పొడుస్తాయి. ముందే కోసుకుంటే ఇవన్నీ తప్పుతాయి. బాగా పండిపోయి ఆ రోజే వాడలేని కాయలుంటే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచినా, తినేముందు కొన్ని గంటలు బయట పెట్టండి.

టమాటాను సీసాల్లో పెట్టుకోవచ్చు, ఒక షరతు మీద. మనం పుల్లగా ఉంటుందనుకుంటాం గానీ, రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి కొన్ని టమాటాలు 4.6 గీత దాటిపోతాయి. అందుకని అరలీటరు సీసాకు ఒక పెద్ద చెంచా, లీటరు సీసాకు రెండు పెద్ద చెంచాల చొప్పున, సీసాలో అమ్మే నిమ్మరసం తప్పకుండా కలపాలి. చెట్టు నిమ్మకాయ పులుపు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇక్కడ సీసాలో దొరికే నిమ్మరసమే నమ్మకం. లేదా అరలీటరుకు పావు టీస్పూను, లీటరుకు అర టీస్పూను సిట్రిక్ యాసిడ్ వేయండి. చితక్కొట్టి ఉడికించిన వేడి టమాటాను పైన కొంచెం ఖాళీ వదిలి నింపి, మూత పెట్టి, సీసా పూర్తిగా మునిగేలా మరిగే నీళ్లలో అరలీటరువైతే 35 నిమిషాలు, లీటరువైతే 45 నిమిషాలు ఉంచాలి. ఇది సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ఎత్తున్న చోట లెక్క. ఎత్తు పెరిగితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి సమయం పెంచాలి. రుచి కోసం ఉల్లి, మిర్చి, వెల్లుల్లి అందులో వేయకండి, పులుపు పలచబడుతుంది. తినేటప్పుడు ఎలాగూ వేసుకుంటాం కదా.

వెనిగర్‌లో వేసే కీరదోసకు, బీన్స్‌కు 5 శాతం ఆమ్లత అని రాసి ఉన్న వెనిగర్ తీసుకోండి. నీళ్లు కలిపినా వెనిగర్‌కు సమానంగానే, అంతకు మించి వద్దు. కీరదోసకు పువ్వు ఉండే కొనను సన్నగా కోసి తీసేయండి. కాయను మెత్తబరిచే ఎంజైములు అక్కడే ఉంటాయి. మిరపకాయలను, వెల్లుల్లిని పచ్చిగా నూనెలో ముంచి గదిలో నెలల తరబడి ఉంచే పద్ధతికి మాత్రం నేను ఒప్పుకోను. నూనె గాలిని అడ్డుకుంటుంది, పులుపు ఉండదు. మళ్లీ మీ బీన్స్ సీసా కథే.

మిరప బూజుకు మూలం తేమ. వేసవి చివర పగలు ఎండ కాసినా రాత్రి గాలిలో తేమ పెరుగుతుంది. పగలు ఆరిన కాయ రాత్రి మళ్లీ తడి పీల్చుకుంటుంది, తొడిమ దగ్గర కండ మందంగా ఉండటం వల్ల అక్కడ తేమ చివరిదాకా నిలుస్తుంది. అందుకే బూజు అక్కడే మొదలైంది. పూర్తిగా ఎర్రబడి, చెట్టు మీదే కొద్దిగా ముడతపడిన కాయలు కోయండి. నేల మీద కాకుండా, కింద నుంచి గాలి ఆడేలా వల మీద పలచగా పరచండి. సాయంత్రం ఎత్తి లోపల పెట్టాల్సిందే. కండ మందమున్న రకాలైతే నిలువునా చీల్చి ఆరబెట్టండి. కరెంటు డ్రయ్యర్ వాడితే 55, 60 డిగ్రీలు చాలు. త్వరగా అవ్వాలని ఇంకా పెంచితే పైతోలు గట్టిబడి లోపలి తడి బయటికి రాదు. తేమ 10 శాతం దగ్గరికి వచ్చిన కాయను ఊపితే గింజలు గలగలలాడతాయి. బూజు పట్టినవాటిని తుడిచి, మళ్లీ ఎండబెట్టి వాడుకుందామని మాత్రం అనుకోకండి. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది, వంట వేడికి అది పోదు. ఎండిన ముక్కలను చల్లారాకే డబ్బాలో వేసి, వారం పది రోజులు రోజూ ఒకసారి కదిపి చూడండి. లోపలి గోడకు చెమ్మ కనిపిస్తే మళ్లీ ఆరబెట్టాలి.

ఉల్లికి, గుమ్మడికి ఈ శ్రమ ఏదీ అక్కర్లేదు. ఉల్లి కాడలు సగం వాలగానే నీళ్లు ఆపేయండి. తవ్వాక కాడలతోనే గాలి ఆడే నీడలో 10 నుంచి 14 రోజులు ఆరబెట్టండి. మెడ గట్టిగా ఎండిన తర్వాతే 2, 3 సెంటీమీటర్లు వదిలి కోయాలి. మెడ పచ్చిగా ఉండగా కోస్తే కుళ్లు లోపలికి దిగుతుంది, మా ఇంట్లో ఒక ఏడాది బస్తాడు ఉల్లి అలాగే పోయింది. గుమ్మడి తోలు గోటితో గిచ్చినా దిగకూడదు, తొడిమ బెరడులా మారాలి. 5 సెంటీమీటర్లకు తగ్గకుండా తొడిమ ఉంచి కోసి, పది రోజులు వెచ్చటి పొడి చోట ఉంచాక చల్లటి చోటికి మార్చండి. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, ఊడిందంటే ఆ కాయ నిలవదు.

కోత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చెడ్డ కాయను ఏ పద్ధతీ బాగుచేయదు. తెల్లవారి మంచు ఆరగానే, ఎండ ఎక్కకముందు కోయండి. కోసిన కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఆ వేగం రెండు మూడింతలవుతుంది. మధ్యాహ్నం కోసి ఎండలో వదిలేసిన బుట్టలో కాయలు మన కళ్లముందే ముసలివైపోతాయి. బెండకు పువ్వు విచ్చిన 4 నుంచి 6 రోజులకే కోత, కొన విరిస్తే టక్కున విరగాలి. వంకాయ నిగనిగ తగ్గిందంటే లోపల గింజ ముదిరినట్టే. కీరదోస, బీన్స్, బెండ రోజు విడిచి రోజు కోయండి, ఒక్క ముదురు కాయ మొక్క మీద మిగిలినా మొక్క తన బలాన్ని ఆ గింజలకే పెట్టి కొత్త పిందెలను తగ్గించేస్తుంది. పండే టమాటాల పక్కన కీరదోసలు పెట్టొద్దు, టమాటా వదిలే ఇథిలీన్ వాయువుకు అవి పసుపెక్కుతాయి. మందు ఏదైనా కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యాకే కోత మొదలుపెట్టండి.

ఇప్పుడు మీ పాదుల మీద ఇంకా ఉన్న బీన్స్‌లో లేతవి కోసి ఫ్రీజర్‌కు పెట్టుకోండి. ముదిరిపోయినవి మాత్రం కోయకుండా, వానలు ఇంకా దూరంగా ఉంటే తీగ మీదే ఎండనివ్వండి. తొక్క గరగరలాడినప్పుడు ఒలిచి, గింజలను రెండు రోజులు నీడలో ఆరబెట్టి, సంచిలో కట్టి 48 గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి పురుగు గుడ్లు చస్తాయి. వండుకునే గింజలకు ఇది చాలు. మళ్లీ విత్తుకోవాలనుకునే గింజలను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకుండా వేరుగా ఉంచండి, సరిగా ఆరని గింజకు ఆ చలి మొలకను చంపేస్తుంది.